తెర వెనక చెయ్యి

"మీ ఆయనకి చెప్పు, ఉప్పు ఇటు తొయ్యమని," అన్నాడు పెద్దాయన కూతురితో.

ఆ 'మీ ఆయన' ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఉప్పు డబ్బా అతని మోచేతి పక్కనే ఉంది. అల్లుడు తల ఎత్తలేదు, డబ్బా తొయ్యలేదు.

పాపాయే లేచి వెళ్ళి డబ్బా తీసి తండ్రి ముందు పెట్టింది. ముప్పై అయిదు దాటినా ఒక్కతే కూతురు కావడంతో ఆ ఇంట్లో ఆమె ఇంకా పాపాయే. "మామయ్యా, మీకు చెవుడొచ్చింది" అని మొన్న ఇదే బల్ల దగ్గర అల్లుడు అన్నప్పటి నుంచీ, మామకీ అల్లుడికీ మధ్య మాటల రాకపోకలన్నీ ఆమె మీదుగానే.

"మీ నాన్నకి చెప్పు," అన్నాడు అల్లుడు కంచంలోకి చూస్తూ. "రేపు పొద్దున పళ్ళ డాక్టరు వస్తున్నాడు, మన దుకాణంలో కొన్న స్పీకర్లు వెనక్కి ఇచ్చెయ్యడానికి."

"ఇస్తే తీసుకుంటాం. దానికి ఇంత ఉపోద్ఘాతం ఎందుకని అడుగు."

"ఎందుకా? అందులో ఒక స్పీకరుకి పై ముక్క చచ్చిపోయి ఉంది. సన్న స్వరం ఒక్కటీ పలకదు. మీ నాన్న దాని ఎదురుగా గంటసేపు కూర్చుని, ఆహా వెన్న, ఆహా మీగడ అని పొగిడి మరీ అంటగట్టారు. తెలిసి చేస్తే మోసం, తెలియక చేస్తే చెవుడు. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోమను."

"తినే వేళ ఈ గొడవేమిటి బాబూ," అంది అత్తగారు. "పెద్దాయన. ఏదో పొరపాటు."

"పొరపాటని ఆయన నోటితో అనమనండి అత్తయ్యా, ఈ క్షణం వదిలేస్తాను. కింద ఆ వినే గది తీసేసి టీవీలు పెడదాం, వ్యాపారం నిలబడుతుందని నేను మొత్తుకుంటే, నా చెవులుండగా ఆ గదిని ముట్టుకోవడానికి వీల్లేదన్నారు. సరే, చెవులున్నన్నాళ్ళూ ముట్టుకోలేదు."

పెద్దాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. దాన్ని మెల్లిగా కంచంలో పెట్టి, మూడు రోజుల్లో మొదటిసారి అల్లుడి మొహంలోకి సూటిగా చూశాడు.

"తెర కట్టు," అన్నాడు.

తెర అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణం వెనక భాగంలో వినే గది. గోడలకి మందపాటి గుడ్డ, కింద తివాచీ, మధ్యలో ఒకే ఒక్క పడక్కుర్చీ. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు కొనదలచినవాళ్ళు ఆ కుర్చీలో కూర్చుని తీరిగ్గా వింటారు. పేరు చూసి, ధర చూసి మోసపోకుండా ఆంప్లిఫయర్లకి అడ్డంగా తెర కడతారు. వెనక స్విచ్ తిప్పుతూ ఉంటే ముందున్నవాడు కేవలం చెవులతో తేల్చాలి. పెద్దాయన ఏ ఒక్కసారీ తప్పలేదు. బజారంతా ఆయన్ని చెవిగారు అనే పిలుస్తుంది.

"నా బల్బుల ఆంప్లిఫయరు ఒకటి, నువ్వు తెప్పించిన ఆ బల్బుల్లేని నల్ల పెట్టె ఒకటి," అన్నాడు పెద్దాయన. "ఏది ఏదో చెప్పలేకపోతే గది తాళాలు నీకిచ్చి పైన కూర్చుంటాను. చెప్పగలిగితే చెవుడన్న మాట ఈ జన్మలో మళ్ళీ నీ నోట రాకూడదు."

"స్విచ్ దగ్గర ఎవరు?"

"నా కూతురు. ఇంకో చేతిని నేను నమ్మను."

"ఆ చేతిని నేనూ నమ్ముతాను," అన్నాడు అల్లుడు. "వైర్లు మటుకు నేను పెడతాను."

"పెట్టు. నీకు చేతనైంది అదొక్కటే."

అల్లుడు నవ్వాడు. ఆ నవ్వు గురించి ఒక మాట చెప్పుకోవాలి. అతను మొదటిసారి ఈ ఇంటికి వచ్చిన రోజున కాబోయే మామగారు అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఒకే పాటని రెండు ఆంప్లిఫయర్ల మీద వినిపించి, ఏది బాగుందో చెప్పమన్నాడు. ఒకదాన్ని మాత్రం వెంట్రుకవాసి గట్టిగా పెట్టాడు. రెండు సమానమైనవి పక్కపక్కన పెడితే, కాస్త గట్టిగా పలికిందే మంచిదనిపిస్తుంది మనిషికి. ఆ వ్యాపారంలో ఇది ఓనమాలు. అందుకే నీతి ఉన్న దుకాణదారు రెండిటినీ శబ్దం కొలిచే మీటరు పెట్టి ఒక్క మోతాదుకి తెచ్చాకే వినిపిస్తాడు. పాపం కుర్రాడికి అదేం తెలుసు? గట్టిగా పలికినదాన్నే మెచ్చుకున్నాడు.

"మా అల్లుడు సంతలో ఎవడు గట్టిగా అరిస్తే వాడి దగ్గరే కొంటాడండీ" అని పెద్దాయన ఆ తర్వాత ఏళ్ళ తరబడి వచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వించాడు. అల్లుడు పక్కనే నిలబడి స్పీకర్లకి అట్టపెట్టెలు కడుతూ ఉండేవాడు. ఇల్లరికం వచ్చినవాడు, ఎక్కడికి పోతాడు? అందరితో పాటు తనూ నవ్వేవాడు. అలా నవ్వి నవ్వి, ఏ వేళ పడితే ఆ వేళ నవ్వగలిగే నేర్పు సంపాదించాడు.

*

వంటింట్లో తల్లి గిన్నెలు సర్దుతూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"ఆ గది పోతే మీ నాన్న మనిషి కాడు. నీకు తెలుసుగా."

"తెలుసమ్మా."

"స్పీకరు సంగతి నిజమేనంటావా?"

పాపాయి కంచాలు దొంతర పెట్టింది. ఆ ముక్క పలకడం లేదని ఆమెకీ డాక్టరుకి అమ్మిన రోజే అనుమానం వచ్చింది. తండ్రి కళ్ళు మూసుకుని అంత తన్మయంగా వింటుంటే ఆయన ముందు నోరెత్తలేకపోయింది. ఆ రోజే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అడుసు తొక్కనేల అని ఇప్పుడనుకుని ఏం లాభం?

"నీ చేతిలోనే ఉంది," అంది తల్లి.

"నా చేతిలో ఏముంది? నేను స్విచ్ తిప్పేదాన్నేగా."

"అదే అంటున్నా," అని తల్లి కొంగుతో చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున పళ్ళ డాక్టరు వచ్చాడు. నెమ్మదస్తుడు, పాత ఖాతాదారు. కారులోంచి స్పీకర్లు దించీ దించకముందే పెద్దాయన దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"మీరేమీ అనుకోకండి. నాకైతే బ్రహ్మాండంగానే వినపడ్డాయి. మా ఆవిడే కనిపెట్టింది."

పెద్దాయన చేతులు విడిపించుకున్నాడు. ఓదార్పు ఆయనకి మొదట్నుంచీ పడదు.

అల్లుడు అప్పటికే గదిలో అన్నీ సిద్ధం చేశాడు. తెర వెనక బల్ల మీద ఒక పక్క పాత ఆంప్లిఫయరు, నెత్తిన గాజు బల్బులు ఎర్రగా వెలుగుతూ. ఇంకో పక్క నల్ల పెట్టె. మధ్యలో స్విచ్. ఎడమకి తిప్పితే పెట్టె, కుడికి తిప్పితే బల్బులు అని పాపాయికి చెప్పాడు. పాట బయల్దేరే యంత్రం మీద రెండిటికీ కలిపి ఒకటే వాల్యూమ్ నాబ్, పాపాయి మోచేతికి అందేంత దూరంలో.

"డాక్టరుగారూ, మీరు పరాయివారు, మీరే కొలవండి," అన్నాడు అల్లుడు మీటరు అందిస్తూ.

డాక్టరు దాన్ని రోగి నోట్లో పెట్టే అద్దంలా రెండు వేళ్ళతో పట్టుకుని కుర్చీ దగ్గర నిలబడ్డాడు. పాపాయి ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది. అల్లుడు బల్ల వెనక్కి వంగి ఏదో సవరించినట్టు చేసి లేచాడు.

"ఇసుమంత తేడా లేదు. సమానం," అన్నాడు డాక్టరు.

తల్లి గుమ్మంలో నిలబడింది. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"కానియ్యమ్మా."

ఒక ఆడగొంతు, వెనక వయొలిన్. ఆ పాటని పాపాయి ఎన్ని వందలసార్లు విని ఉంటుందో. ఏ వైపో పైకి చెబుతూ ముందు ఎడమకి పెట్టింది. కొంతసేపు ఆగి కుడికి తిప్పింది.

ఆమెకి ఏ తేడా తెలియలేదు.

తెర వెనక ఉన్నాను కదా, స్పీకర్లు అటు తిరిగి ఉన్నాయి కదా అనుకుంది. అయినా ఎప్పుడూ తెలిసేది. ఆ బల్బులకి ఒక మెత్తదనం ఉంటుంది, తండ్రి ఆమెకి చిన్నప్పుడే నేర్పాడు. ఇవాళ అదేమీ లేదు. నాకే తెలియకపోతే ఆయనకేం తెలుస్తుంది అనుకుంది.

"మళ్ళీ ఎడమ," అన్నాడు పెద్దాయన.

తిప్పింది.

"కుడి."

తిప్పింది.

"మళ్ళీ."

తెర అంచు సందులోంచి ఆయన మొహం కనపడుతోంది. కళ్ళు తెరిచేశాడు. నొసలు ముడిపడి ఉంది. కుర్చీలో కూర్చున్నాక ఆయన కళ్ళు తెరవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏమంటారు మామయ్యా?" అన్నాడు అల్లుడు గోడకి ఆనుకుని. "తొందరేం లేదు. కావాలంటే మధ్యాహ్నం దాకా వినండి."

డాక్టరు ఇబ్బందిగా కదిలాడు. గుమ్మంలోంచి తల్లి తెర వైపు చూసింది.

పెద్దాయన నోరు తెరిచాడు. ముసలి మొహం, తెరిచిన నోరు, చుట్టూ నిలబడి చూస్తున్న జనం. స్విచ్ కుడి వైపే ఉంది. ఆమె చెయ్యి నాబ్ మీదికి వెళ్ళింది. వెంట్రుకవాసి. అంతే. ఎడమకి తిప్పినప్పుడు మళ్ళీ తగ్గించింది. కుడికి తిప్పి మళ్ళీ పెంచింది.

పెద్దాయన మొహం విప్పారింది.

"ఆఁ. ఇదీ," అన్నాడు. "కుడిది నా బల్బులది. గొంతు ఎలా ముందుకొచ్చి నిలబడిందో చూశారా డాక్టరుగారూ? వయొలిన్ మీద కమాను రాసుకోవడం కూడా వినపడుతోంది. ఎడమది మా వాడి సరుకు. వాడిలాగే ఉంది. ఉలకదు, పలకదు."

డాక్టరు హమ్మయ్య అనుకున్నట్టు నవ్వాడు. తల్లి గుమ్మం మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఖాయమేనా?" అన్నాడు అల్లుడు.

"ఖాయం."

"ఇంకొక్కసారి వింటారా?"

"రెండోసారి వినాల్సింది నీలాంటివాళ్ళు."

అల్లుడు వచ్చి తెర ఒక్క గుంజు గుంజాడు. తరవాత బల్లని పట్టుకుని, బల్బులు కదలకుండా జాగ్రత్తగా వెనక భాగం ముందుకి తిప్పాడు. బల్బుల ఆంప్లిఫయరు వెనక వైర్లు లేవు. వైర్లు దూర్చే మూతులన్నీ ఖాళీగా ఉన్నాయి. నల్ల పెట్టెలోంచి రెండు జతల వైర్లు వచ్చి, ఒక జత స్విచ్ ఎడమ వైపు, ఇంకో జత కుడి వైపు దూరాయి.

"ఎడమా నా పెట్టే, కుడీ నా పెట్టే," అన్నాడు. "మీ బల్బులు ఊరికే వెలుగుతున్నాయి మామయ్యా. వాటి గొంతు ఇవాళ ఈ గదిలో పలకనే లేదు."

పాట ఇంకా సాగుతోంది.

"కమాను రాసుకోవడం వినపడిందట," అన్నాడు అల్లుడు డాక్టరుతో.

డాక్టరు ఫక్కున నవ్వాడు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు కానీ అప్పటికే నవ్వేశాడు. ఆ గదిలో ఎన్నో ఏళ్ళుగా నవ్వులు పుట్టిస్తూ వచ్చిన మనిషి ఆ నవ్వుకి తల దించుకున్నాడు.

"నేను సంతలో గట్టిగా అరిచేవాడి దగ్గర కొన్నాను, నిజమే," అన్నాడు అల్లుడు. గొంతు పెంచలేదు. "అక్కడ కనీసం అరిచేవాడంటూ ఒకడున్నాడు. మీరు ఎవడూ లేని చోట బేరమాడి కొన్నారు."

పెద్దాయన లేచి వచ్చాడు. బల్బుల ఆంప్లిఫయరు వెనక ఖాళీ మూతుల్ని వేలితో తడిమి చూశాడు. ఆయన మాట్లాడినప్పుడు ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియలేదు.

"మొదట నాకేం తేడా వినపడలేదు. ఎంత విన్నా ఒకటే. రెండూ ఒకటేరా, నన్ను ఆడిస్తున్నావు అని చెబుదామనే నోరు తెరిచాను. అంతలో కుడిది ముందుకొచ్చింది. వచ్చింది. నేను విన్నాను."

"చెవిలో హోరు కూడా అలాగే వినపడుతుంది మామయ్యా. డాక్టరుగారిని అడగండి."

"నేను పళ్ళ డాక్టర్నండీ," అన్నాడు ఆయన బలహీనంగా.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే జరిగింది. పాపాయి చెయ్యి కదలకుండా ఉండి ఉంటే పెద్దాయన ఆ రోజు గెలిచేవాడు. మామూలుగా కాదు, అల్లుడి మోసాన్ని చెవులతో పట్టుకుని, బజారంతా చెప్పుకునేలా గెలిచేవాడు. ఇప్పుడు పాపాయి నోరు మూసుకుంటే తండ్రి బతికినన్నాళ్ళూ తన చెవుల్ని తనే నమ్మడు. నోరు తెరిస్తే మొగుడికి దొంగ, తండ్రికి ఏమవుతుందో ఆమెకింకా తెలియదు.

"నేను తిప్పాను," అంది.

"ఏం తిప్పావు?" అన్నాడు మొగుడు.

"ఇది." నాబ్ మీద చెయ్యి వేసి అందరి ముందూ వెంట్రుకవాసి తిప్పింది. ఆడగొంతు ముందుకొచ్చింది. కమాను రాసుకోవడం వినపడింది. తగ్గించింది, వెనక్కి పోయింది. "కుడికి తిప్పినప్పుడల్లా పెంచాను. నాన్నకి వినపడింది నిజమే. ఆయన చెవులకేం కాలేదు."

"అయితే ఆయన చెప్పింది రైటే," అన్నాడు డాక్టరు. "మొదట ఒకటే అనుకున్నారు, ఒకటే. తరవాత తేడా అన్నారు, తేడాయే."

అల్లుడి మొహం పాలిపోయింది. పాపాయి తండ్రి వైపు తిరిగింది. ఆ ఒక్క క్షణం ఆమెకి నిజంగా సంతోషం కలిగింది, పెదవుల మీద నవ్వు కూడా వచ్చింది.

పెద్దాయన నవ్వలేదు.

"ఎందుకు తిప్పావమ్మా?"

"మీరు గెలవాలని నాన్నా."

"నాకు వినపడుతుందనుకుంటే నువ్వు తిప్పాల్సిన పనేముంది?"

పాపాయి నాబ్ మీంచి చెయ్యి తీసేసింది.

"ఎవరన్నా తిప్పమన్నారా?"

ఆమె గుమ్మం వైపు చూసింది. తల్లి కొంగు సర్దుకుంటూ నేలకేసి చూస్తోంది. సర్దుకోవడం ఎంతకీ పూర్తి కావడం లేదు.

"ఎవరూ అనలేదు," అంది పాపాయి.

"స్పీకరు పై ముక్క చచ్చిపోయిందని నీకూ తెలుసు కదూ? ఆ రోజు నువ్వూ గదిలోనే ఉన్నావు."

ఆమె తల ఊపింది.

"తెలిసీ నాకు చెప్పలేదు. ముసలాడు, పోనీలే అనుకున్నావు. ఇవాళ కూడా అదే అనుకున్నావు."

"ఏమండీ," అంది తల్లి, "మోసం చేసింది అతనైతే దాన్నంటారేమిటి? వైర్లు మార్చింది అతను."

"మార్చాడు," అన్నాడు పెద్దాయన. "ఎందుకు మార్చాడో తెలుసా? నిజంగా రెండూ పెడితే ఏది ఏదో నేను ఇట్టే చెప్పేస్తానని భయపడి మార్చాడు. వీళ్ళిద్దరిలో నా చెవుల్ని నమ్మినవాడు వీడొక్కడే."

జేబులోంచి తాళాలు తీశాడు. అల్లుడు చెయ్యి చాపలేదు. పెద్దాయనే అతని చెయ్యి పట్టుకుని, అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"గది నీది. టీవీలు పెట్టుకుంటావో, కూరగాయలు అమ్ముకుంటావో నీ ఇష్టం. రేపట్నుంచి నేనూ నీ దగ్గరే ఓ మూల కూర్చుంటాను. నువ్వు చెప్పిన పని చేస్తాను. నాకు ఒకటే కావాలి."

"చెప్పండి మామయ్యా," అన్నాడు అల్లుడు. గొంతులో వెటకారం లేదు. అది ఎక్కడికి పోయిందో అతనికే తెలియనట్టుంది.

"దీన్ని దుకాణంలోకి రానివ్వకు."

"నాన్నా," అంది పాపాయి.

ఆయన ఆమె వైపు చూడలేదు. అల్లుడి మొహంలోకే చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆమె ప్రపంచమంతా ఆ కింది అంతస్తే. పైన ఆమెకి ఉన్నదల్లా పడుకోవడానికి ఒక మంచం. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు, తాళాలు పట్టుకున్నవాడికి మరీ తెలుసు.

అల్లుడు పెళ్ళాం వైపు తిరిగాడు.

"నేను తీసిన గోతిలో ఆయన పడరేమోనని రాత్రంతా నిద్రపోలేదు," అన్నాడు. "నువ్వే తోశావు. నీ చేతిని నేనూ నమ్మాను."

ఆ తరవాత మామగారి వైపు చూసి తల ఊపాడు.

"అలాగే మామయ్యా. రానివ్వను."

పెద్దాయన కూడా తల ఊపాడు. తన పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం పాపాయి చూడటం అదే మొదటిసారి.